సౌండ్ కార్డు, ఎర్త్ వైరు, అడుగుల చప్పుడు: ఏడు వారాల డైరీ

ఏప్రిల్ 6. ఫిర్యాదులు, సరంజామా

మాది విజయనగరం. అయ్యకోనేరు గట్టుకి రెండు వీధుల అవతల పాత డాబా ఇల్లు. గదిలో అసెంబుల్డ్ డెస్క్‌టాప్, 32 ఓమ్‌ల వైరు హెడ్‌సెట్. రాత్రిళ్లు ఆడేది ఎక్కువగా వాలరెంట్ (టీమ్‌గా ఆన్‌లైన్‌లో ఆడే తుపాకుల గేమ్). మదర్‌బోర్డు మీదే ఉన్న ఆడియోని ఇక్కడ ‘ఆన్‌బోర్డ్’ అని, కొత్తగా పెట్టినదాన్ని ‘కార్డు’ అని రాస్తాను. కార్డు సెకండ్ హ్యాండ్. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే చివరికొచ్చేసరికి పేరుతో పని లేకుండా పోయింది.

ఫిర్యాదులు మూడు:

1. టీమ్‌లో వాళ్లు ‘నీ మైకులో తేనెపట్టు కదిలినట్టుంది’ అంటున్నారు.
2. మౌస్ కదిపితే హెడ్‌ఫోన్‌లో సన్నగా ‘కీ...’ అని వస్తోంది.
3. అడుగుల చప్పుడు మూసుకుపోయినట్టు ఉంది. ఎదుటివాడు వెనకున్నాడో ముందున్నాడో తెలియడం లేదు.

మూడింటికీ మందు ఒక్కటే, సౌండ్ కార్డు అనుకుని కొన్నాను. మూడింటికీ మూడు వేరు వేరు జబ్బులని తేలడానికి ఏడు వారాలు పట్టింది. మీరు ఇదే పని చేద్దామనుకుంటే కింద స్టేజ్ 3 (మైకు, ఎర్తు) నుంచి మొదలుపెట్టండి. నేను వెళ్లిన వరుస తప్పు.

ఖర్చు: కార్డు 2,600, రెండు వైపులా 3.5 ఎంఎం పిన్ను ఉన్న కేబుల్ 150.
మొత్తం ఇప్పటికి: రూ. 2,750

స్టేజ్ 1. లూప్‌బ్యాక్ (ఏప్రిల్ 7 – 12)

లూప్‌బ్యాక్ అంటే అవుట్‌పుట్‌లోంచి వచ్చిన సిగ్నల్‌ని కేబుల్‌తో తిరిగి ఇన్‌పుట్‌లోకి పంపి, ఏం మారిందో కొలవడం. ఉచితంగా దొరికే రైట్‌మార్క్ ఆడియో అనలైజర్ వాడాను. నాయిస్ (అక్కర్లేని రొద), డైనమిక్ రేంజ్ (అతి సన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం), డిస్టార్షన్ (శబ్దం ఎంత వంకరపోయింది), ఎడమ నుంచి కుడికి ఎంత కారుతోంది, అన్నీ ఒకేసారి కొలిచి పెడుతుంది.

మొదటి మూడు రోజుల రీడింగులు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఏయే తప్పులు చేశానంటే:

మొదటిది, కేబుల్ నీలం రంగు లైన్-ఇన్‌లో పెట్టాల్సింది, గులాబీ రంగు మైక్-ఇన్‌లో పెట్టాను. మైకుకి 20 డీబీ (డెసిబెల్, శబ్దం బలానికి కొలత) బూస్ట్ ఆన్‌లో ఉంది. పరీక్షకి పంపిన సైన్ వేవ్ (నున్నటి అల) తలలు కోసేసినట్టు చదునుగా వచ్చింది. డిస్టార్షన్ 11 శాతం చూపిస్తే కార్డు పాడైందనుకుని అమ్మినాయనకి ఫోన్ చేయబోయాను. చేయకపోవడం నా పరువు దక్కించింది.

రెండోది, విండోస్ రికార్డింగ్ సెట్టింగుల్లో ‘లిజన్ టు దిస్ డివైస్’ దగ్గర టిక్కు ఎప్పుడో పెట్టి మరిచిపోయాను. వచ్చిన శబ్దం మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. స్పీకర్లు కూడా తగిలించి ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఇల్లంతా కేకే కేక. అమ్మ లేచొచ్చి, “ఏట్రా ఆ కూత, ఈదిలో కుక్కలన్నీ లేచిపోతన్నాయి” అంది. నిజంగానే లేచాయి.

మూడోది, ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ లాంటి ఎన్‌హాన్స్‌మెంట్లు. ఇవి ఆన్‌లో ఉంటే మీరు కొలిచేది కార్డుని కాదు, సాఫ్ట్‌వేర్ వేసిన మేకప్‌ని.

నాలుగోది, అవుట్‌పుట్ 48,000 హెర్ట్జ్‌లో, ఇన్‌పుట్ 44,100లో ఉన్నాయి. మధ్యలో విండోస్ తనే మార్చి ఇస్తుంది, ఆ మార్పు కూడా కొలతలో కలిసిపోతుంది. రెండూ 24 బిట్, 48,000 చేశాను.

ఇవన్నీ సరిచేశాక ఆన్‌బోర్డ్‌కి నాయిస్ -83.7 డీబీఏ (చెవికి వినపడే తీరుకి సరిచేసిన డీబీ) వచ్చింది. ఇందులో సైఫర్‌కి ఎంత దూరం కిందికి పోతే అంత మంచిది. రిపోర్టు ‘గుడ్’ అంది. నా చెవిలో మాత్రం మౌస్ కదిపితే కీమంటూనే ఉంది. ప్రోగ్రామ్ గుడ్ అంటోంది, చెవి కాదంటోంది. ఎవరిని నమ్మాలి?

రెండు రోజులు ఆలోచిస్తే దొరికింది. లూప్‌బ్యాక్‌లో పంపేదీ ఆన్‌బోర్డే, అందుకునేదీ ఆన్‌బోర్డే. వచ్చిన అంకె ఆ రెంటిలో ఏది నాసిరకమైతే దానిది. పైగా రెండు చివరలకీ గ్రౌండు ఒకటే కాబట్టి గ్రౌండు వల్ల వచ్చే రోగం ఏదీ అందులో కనపడదు. ఇంకో సంగతి, నేను కొలిచింది వెనక జాక్, వినేది ముందు జాక్‌లో.

కాబట్టి కొలిచే మిషను వేరుగా ఉండాలి. కచేరీలు రికార్డు చేసే స్నేహితుడి దగ్గర యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ బయట ఉండే రికార్డింగు పెట్టె) ఒకటి అరువు తెచ్చాను. దాన్ని ముందు అదే డెస్క్‌టాప్‌కి తగిలించాను. ఇదీ తప్పే. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫులో) 1,000, 2,000, 3,000 హెర్ట్జ్ దగ్గర సూదుల్లాంటి గీతలు. యూఎస్‌బీ ఫుల్ స్పీడ్‌లో మిల్లీసెకనుకి ఒక ఫ్రేమ్ (డేటా వంతు) వెళ్తుంది, అంటే సెకనుకి వెయ్యి. ఆ టిక్కుటిక్కే గ్రౌండు దారిన ఆడియోలోకి దూరుతోంది. టెస్ట్ టోన్ కూడా సరిగ్గా 1,000 హెర్ట్జే కావడంతో ఏది సిగ్నలో ఏది చెత్తో తెలియలేదు. అప్పటి నుంచి టెస్ట్ టోన్ 997 హెర్ట్జ్‌కి మార్చాను.

చివరికి కుదిరిన పద్ధతి ఇది:

1. ఇంటర్‌ఫేస్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపాలి.
2. ముందు ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపి కొలవాలి. నాకు -100.8 డీబీఏ వచ్చింది. ఇంతకంటే కింద ఏమున్నా నాకు కనపడదు.
3. అప్పుడు డెస్క్‌టాప్ నుంచి టోన్ పంపి కొలవాలి.

కార్డు పెట్టె మీద 116 డీబీ (సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య దూరం) అని ఉంది. నా దగ్గరున్న తూకంరాయి 101 వరకే తూస్తుంది. కాబట్టి పెట్టె మీద అంకె నిజమో కాదో తేల్చే పని ఈ డైరీలో జరగదు.

ఖర్చు: 6.3 నుంచి 3.5 ఎంఎం కేబుల్ 180.
మొత్తం ఇప్పటికి: రూ. 2,930

స్టేజ్ 2. స్లాటు, ముందు జాక్ (ఏప్రిల్ 13 – 17)

ఇది తొందరగా తేలింది. గేమ్ మెనూ తెరిచి ఉంచి, స్క్రీన్ మీద బొమ్మ మారే ఫ్రేమ్‌లకి పరిమితి పెట్టకుండా (సెకనుకి 300 దాటుతున్నాయి) ఒక్కో జాక్ నాయిస్ కొలిచాను.

ఆన్‌బోర్డ్, ముందు జాక్: -72.6
ఆన్‌బోర్డ్, వెనక జాక్: -86.1
కార్డు, గ్రాఫిక్స్ కార్డు పక్క స్లాటులో: -88.3
కార్డు, అన్నిటికంటే కింది స్లాటులో: -98.4

క్యాబినెట్ మూత తీసి చూస్తే ముందు జాక్‌కి వెళ్లే సన్న వైరు గ్రాఫిక్స్ కార్డు మీదుగా, దాదాపు దాన్ని కౌగిలించుకుని వెళ్తోంది. మౌస్ కదిపినప్పుడు స్క్రీన్ మారుతుంది, గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు మారుతుంది, అదే చెవిలో కీమంటుంది. ఫ్రేములు 60కి కట్టేస్తే ఆ కూత స్వరం కూడా మారింది. అనుమానం తీరిపోయింది.

వైరుని బోర్డు వెనక నుంచి తిప్పితే ముందు జాక్ -79.9కి దిగింది. పది రూపాయల జిప్ టైలు కూడా అక్కర్లేదు, పాత చార్జర్‌కొచ్చిన ట్విస్ట్ వైరుతోనే కట్టాను. హెడ్‌సెట్ పిన్ను తీసి వెనక జాక్‌లో పెడితే కూత మొత్తానికే పోయింది.

రెండో ఫిర్యాదు ఇక్కడితో తీరింది. కార్డు లేకుండానే.

మరి -86కీ -98కీ తేడా వినపడుతుందా? ఏప్రిల్‌లో విజయనగరంలో ఫ్యాన్ ఆపి గేమ్ ఆడేవాడు ఎవడైనా ఉంటే చెప్పమనండి. శబ్దం కొలిచే ఫోన్ యాప్‌లో ఫ్యాన్ ఆపితే 33, మూడులో తిరుగుతుంటే 49 డీబీ చూపించింది. యాప్ అంకెలు నమ్మదగ్గవి కావు, రెంటినీ పోల్చి చూసుకోవడానికే. నేను ఫ్యాన్ ఆపి, బనీను తడిసేదాకా కూర్చుని, వాల్యూమ్ 100 పెట్టి విన్నాను. ఆన్‌బోర్డ్‌లో సన్నగా ‘స్స్స్’ ఉంది, కార్డులో లేదు. ఆడే వాల్యూమ్‌లో రెంటిలోనూ లేదు.

మొత్తం ఇప్పటికి: రూ. 2,930 (మార్పు లేదు)

స్టేజ్ 3. మైకు, ఎర్తు (ఏప్రిల్ 18 – 27)

మొదట చేయాల్సిన స్టేజ్ ఇది.

మైకు పరీక్షకి ఆడాసిటీ (శబ్దం రికార్డు చేసి చూసే ప్రోగ్రామ్) చాలు. పది సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేసి, ఆ ముక్క సగటు లెవెల్ చూడటమే. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలనే సెట్టింగు) ఒకేలా ఉండాలి.

ఆన్‌బోర్డ్ మైక్-ఇన్: -46 డీబీ
కార్డు మైక్-ఇన్: -47 డీబీ

అంటే 2,600 పెట్టి కొన్న కార్డు మైకుకి చేసిన మేలు ఒక్క డీబీ. స్పెక్ట్రమ్ తీస్తే 50, 150, 250 హెర్ట్జ్ దగ్గర గుట్టలు. మన ఇళ్లల్లో కరెంటు 50 హెర్ట్జ్, మిగతావి దాని పిల్లలు. క్యాబినెట్ మీద అరచెయ్యి పెడితే ఆ గుట్టలు ఎత్తు మారుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా కూర్చుని క్యాబినెట్ అంచు తాకితే ఎప్పటి నుంచో వేళ్లు జివ్వుమంటున్నాయి. ‘చిన్న షాకే, అలవాటైపోయింది’ అనుకుని మూడేళ్లు గడిపేశాను.

మల్టీమీటర్ ఏసీలో పెట్టి ఒక ప్రోబు క్యాబినెట్ స్క్రూకి, ఇంకోటి పెరట్లో కుళాయి ఇనప పైపుకి పొడవాటి వైరుతో కలిపాను. 98 వోల్టులు. ఆ పూట ఇంట్లో సప్లయ్ 208.

ఇలా దాదాపు సగం ఎందుకొస్తుందంటే, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) లోపల ఫేజ్ నుంచి బాడీకి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి బాడీకి ఇంకోటి ఉంటాయి. నాయిస్‌ని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెండు కెపాసిటర్ల మధ్యలో, సప్లయ్‌లో సగం దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది తప్ప పడగొట్టదు. కానీ ఆ బాడీయే మైకుకి గ్రౌండు. గ్రౌండే ఊగుతుంటే మైకులో తేనెపట్టు కాక ఏం వస్తుంది?

మా నాన్నకి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మెయిన్ ఆపి నా గదిలో సాకెట్ విప్పాడు. పైనున్న పెద్ద కన్నం వైపు చూపించి, “బాబూ, ఈ కన్నంలోకి వైరే నేదు” అన్నాడు.

“మరి త్రీపిన్ సాకెట్ ఎందుకు పెట్టారు బాబాయ్?”

“పిన్ను పట్టాలి కదా.”

ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ వైరు ఫ్రిజ్ పాయింటుకీ మోటారుకీ మాత్రమే లాగారట. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన పాత ఎర్త్ పైపు ఉంది. దాని వైరు పట్టుకుని లాగితే తుప్పుపొడితో సహా చేతిలోకి వచ్చింది. అంటే ఫ్రిజ్‌కీ ఎర్త్ లేదు. గేమ్‌లో మైకు కోసం మొదలైన పని, అమ్మ రోజూ తడిచేత్తో తీసే ఫ్రిజ్ దగ్గర ఆగింది. ఆ రాత్రి కాస్త టెన్షన్‌గానే పడుకున్నాను.

చేసిన పని, వరుసగా (ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే, మీరు గొయ్యి తవ్వితే చాలు):

1. చెట్టు వేళ్లు తగలని చోట కొత్త గొయ్యి. ఏప్రిల్ నేల కాబట్టి గునపం కూడా ఎగిరింది. ముందు రాత్రి నాలుగు బిందెలు పోసి నానబెడితే తెల్లారి తవ్వగలిగాం.
2. కన్నాలు పెట్టిన రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా.
3. పైపు పైభాగం నేలపైకి ఉంచి, నీళ్లు పోయడానికి గరాటు, మీద సిమెంటు మూత.
4. అక్కడి నుంచి మీటరు బోర్డుకి, బోర్డు నుంచి నా గదికీ, ఫ్రిజ్‌కీ, మోటారుకీ పచ్చ వైరు.
5. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూడటం. నిండుగా వెలిగింది.

మర్నాడు రీడింగులు: ఫేజ్–న్యూట్రల్ 212, ఫేజ్–ఎర్త్ 211, న్యూట్రల్–ఎర్త్ 1.4. క్యాబినెట్ స్క్రూకీ కుళాయికీ మధ్య సున్నా దరిదాపు.

మైకు, ఆన్‌బోర్డ్: -63 డీబీ. పదిహేడు డీబీ దిగింది. ఆ రాత్రి టీమ్‌లో ఒకడు “ఉన్నావా, కట్ అయిపోయావా?” అని అడిగాడు.

మధ్యలో చేసిన ఒక పిచ్చిపని కూడా రాయాలి. ఎర్త్ పెట్టకముందు, కుళాయి పైపుకే వైరు కట్టేసి సరిపెడదామనుకున్నాను. ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. మధ్యలో ఎక్కడ ప్లాస్టిక్ పైపు మార్చారో తెలియదు, రేపు ఏ ఫాల్టో వస్తే స్నానం చేసేవాడి మీదికి కరెంటు వస్తుంది అన్నాడు. కొలవడానికి తాకించడం వేరు, శాశ్వతంగా కట్టడం వేరు.

ఖర్చు: పైపు 1,400, బొగ్గు ఉప్పు 450, వైరు 900, కూలి 1,500.
మొత్తం ఇప్పటికి: రూ. 7,180

స్టేజ్ 4. తొప్పికి రవ్వ (ఏప్రిల్ 29 – మే 6)

మూడో ఫిర్యాదు, అడుగుల చప్పుడు, మిగిలింది. మా మేనత్త కొడుకు, నాకు బావ, మృదంగం వాయిస్తాడు. నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన మన సంగీత కళాశాలలోనే నేర్చుకున్నాడు. గేములు ఆడడు. అందుకే పిలిచాను, అతనికి ఏ కార్డు గెలవాలనే కోరిక ఉండదు. ఏదేమిటో చెప్పకుండా రెండూ వినిపించాను.

ఆన్‌బోర్డ్ విని, “ఒరేయ్, ఇందులో తొప్పికి రవ్వ ఎక్కువైందిరా” అన్నాడు. మృదంగానికి ఎడమ వైపు తొప్పికి తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అంటిస్తారు, గంభీరమైన నాదం రావడానికి. ఎక్కువైతే మోత మిగిలి మాట పోతుంది. కార్డు విని, “ఇది పర్లేదు” అన్నాడు.

సెట్టింగులన్నీ ఆఫ్‌లో ఉన్నాయి. లూప్‌బ్యాక్‌లో రెంటికీ గీత బల్లపరుపుగా వచ్చింది. మరి రవ్వ ఎక్కడిది?

లూప్‌బ్యాక్‌లో హెడ్‌ఫోన్ ఉండదు. అదీ సంగతి. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ వేల ఓమ్‌లు, నా హెడ్‌ఫోన్ 32. బరువు మోస్తున్నప్పుడు జాక్ ఏం చేస్తుందో కొలవాలి, అంటే అవుట్‌పుట్ ఇంపెడెన్స్.

మొదటి ప్రయత్నం విఫలం. నా దగ్గరున్న పసుప్పచ్చ చౌక మల్టీమీటర్‌లో ఏసీకి 200, 750 రేంజిలే ఉన్నాయి. అది వోల్టులో పదో వంతు కంటే సన్నగా చూపించదు. 0.3 అంటుంది, 0.9 అంటుంది, అంతే. మిల్లీవోల్టుల్లో ఏసీ చూపే మీటరు కొన్నాను. గంటస్తంభం దగ్గర రేడియో రిపేరు కొట్లో 33 ఓమ్‌ల రెసిస్టర్లు, రెండు జాక్‌లు తెచ్చాను. సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో ఉంది.

1. 400 హెర్ట్జ్ టోన్ పెట్టండి. చౌక మీటర్లు చాలావరకు 400 దాటితే ఏసీ సరిగ్గా చూపవు.
2. జాక్ దగ్గర ఏమీ తగిలించకుండా వోల్టేజి రాయండి.
3. 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి మళ్లీ రాయండి.
4. మొదటి అంకెలోంచి రెండోది తీసేసి, 33తో గుణించి, రెండో అంకెతో భాగించండి.

ఆన్‌బోర్డ్: 0.98 నుంచి 0.30కి పడిపోయింది. అంటే 75 ఓమ్‌లు.
కార్డు: 1.52 నుంచి 1.18కి. అంటే తొమ్మిదిన్నర.

హెడ్‌ఫోన్ మీద 32 ఓమ్‌లని రాసినా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 32 ఉండదు. ఇదే పద్ధతిలో తిప్పి కొలిస్తే నాది 90 హెర్ట్జ్ దగ్గర 60 ఉంది. 75 ఓమ్‌ల జాక్‌కి దాన్ని తగిలిస్తే 90 దగ్గర 3.4 డీబీ లేస్తుంది. తొమ్మిదిన్నర ఓమ్‌ల జాక్‌కి ఒక డీబీ. తేడా 2.4 డీబీ. బావ చెప్పిన రవ్వ బరువు అది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు లోపు జాక్‌ది ఉండాలని వాడుకలో ఒక లెక్క ఉంది, నాకైతే నాలుగు ఓమ్‌లు. కార్డు కూడా అందులో తప్పింది, కానీ ఆన్‌బోర్డ్‌లా ఘోరంగా కాదు.

ఏడు వారాల్లో కార్డు నిజంగా గెలిచిన చోటు ఇదొక్కటే. చెప్పాలి కదా.

ఖర్చు: మీటరు 1,150, రెసిస్టర్లు 20, జాక్‌లు 60.
మొత్తం ఇప్పటికి: రూ. 8,410

స్టేజ్ 5. ఆలస్యం (మే 8 – 10)

క్లిక్ చేశాక తుపాకీ చప్పుడు ఎంతసేపటికి వస్తుంది? మౌస్ పక్కన హెడ్‌ఫోన్ కప్పు, రెంటి మధ్య ఫోన్. రికార్డు చేసి ఆడాసిటీలో టిక్కుకీ ఢామ్‌కీ మధ్య దూరం కొలవడమే.

మొదటి రికార్డింగుల్లో టిక్కే లేదు. ఫోన్ రికార్డర్ దాన్ని చెత్త శబ్దం అనుకుని తుడిచేసింది. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపి, ఫోన్‌ని మౌస్‌కి ఆనించి పెడితే వచ్చింది. ఒక్కోదానికి ఇరవై క్లిక్కులు, సగటు మిల్లీసెకన్లలో:

ఆన్‌బోర్డ్ 74
కార్డు 76
కార్డు, సరౌండ్ ఎఫెక్ట్ (చుట్టూ స్పీకర్లున్నట్టు అనిపించే సెట్టింగు) ఆన్ 97
తమ్ముడి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ 262

క్లిక్కుకీ క్లిక్కుకీ తొమ్మిది అటూ ఇటూ ఊగుతోంది కాబట్టి 74, 76 ఒకటే అనుకోండి. బ్లూటూత్‌తో ఆడి ‘లేట్‌గా వినపడింది’ అనేవాళ్లతో వాదించకండి, నిజంగానే లేటు.

అప్పుడప్పుడు వచ్చే పటపటల సంగతి కూడా ఇక్కడే తేలింది. లేటెన్సీమాన్ (ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే ప్రోగ్రామ్) అరగంట నడిపితే ఆడియో డ్రైవర్ కాదు, వైఫై డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని వదలడం లేదని చూపించింది. లాన్ వైరు లాగాను, పోయాయి.

స్టేజ్ 6. దిక్కు (మే 11 – 18)

ఒకప్పుడు సౌండ్ కార్డు పెడితే గేమ్‌లో దిక్కులు తెలిసేవి అనే మాటలో నిజముంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డైరెక్ట్‌సౌండ్ 3డీ ద్వారా గేమ్ ఆ లెక్కల్ని నేరుగా కార్డుకి అప్పగించేది. క్రియేటివ్ వాళ్ల ఈఏఎక్స్ గదిలో మోతని కూడా కార్డు మీదే లెక్కకట్టేది. 2007లో విస్టా వచ్చి ఆ దారి మూసేసింది. ఇప్పుడు ఆ పని చాలా గేముల్లో ప్రాసెసర్ మీద గేమే చేసుకుంటుంది. కార్డుకి అందేది వండిన అన్నమే.

సరిగ్గా ముందు, సరిగ్గా వెనక ఉన్న చప్పుడు రెండు చెవులకీ ఒకేసారి, ఒకే బలంతో అందుతుంది. తేడా పట్టిచ్చేది చెవి డొప్ప ఆకారం. దాన్ని లెక్కలతో అనుకరించడమే హెచ్‌ఆర్‌టీఎఫ్. వాలరెంట్ సెట్టింగుల్లో దానికో స్విచ్ ఉంది.

పరీక్ష: కస్టమ్ మ్యాచ్‌లో నేను ల్యాప్‌టాప్ మీద బావ పాత్ర చుట్టూ ఎనిమిది దిక్కుల్లో నడుస్తాను. ఎటు నిలబడాలో చీటీ తీసి చూసుకుంటాను. బావ కళ్లు మూసుకుని వేలితో చూపిస్తాడు. ఒక్కో సెట్టింగుకి 40 సార్లు. ఊరికే ఊహించినా ఐదు తగలాలి.

మొదటి రాత్రి మొత్తం రద్దు. కార్డు వాల్యూమ్ దాదాపు మూడు డీబీ ఎక్కువగా ఉందని సగంలో తెలిసింది. గట్టిగా వినపడేదే బాగుందనిపిస్తుంది, ఎవరికైనా. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే జాక్ దగ్గర రెంటికీ 0.200 వోల్టులు వచ్చేలా సరిచేశాను.

రెండో రాత్రి పన్నెండు ప్రయత్నాల్లో బావ కుడిని ఎడమ, ఎడమని కుడి అన్నాడు. ముందూ వెనకా మాత్రం సరిగ్గా చెప్పాడు. ఛానెళ్లు తారుమారయ్యాయని డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. తర్వాత చూస్తే హెడ్‌సెట్ తిరగేసి పెట్టుకున్నాడు. మైకు ముక్కు ముందు అడ్డంగా ఉంటే చిరాకని తిప్పుకున్నాడట.

“చెప్పొచ్చు కదా బావా?”

“నువ్వు అడగలేదు కదరా.”

ఆ తర్వాత మూడు రాత్రులు, 240 ప్రయత్నాలు. 40కి ఎన్ని సరైనవంటే:

ఆన్‌బోర్డ్, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆఫ్: 20
కార్డు, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆఫ్: 21
ఆన్‌బోర్డ్, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్: 30
కార్డు, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్: 31
కార్డు 7.1 సరౌండ్ ఆన్, గేమ్‌లో ఆఫ్: 23
రెండూ ఆన్: 17

నేను ఇన్నాళ్లూ ఆడింది చివరి వరుసలో. కార్డు కొన్న రోజే సరౌండ్ ఆన్ చేసి, గేమ్‌లోదీ ఆన్ చేసి, ‘ఎంత ఉంటే అంత మంచిది’ అనుకున్నాను. గేమ్ ఒకసారి చెవిడొప్ప లెక్క వేస్తుంది, దాని మీద కార్డు మళ్లీ వేస్తుంది. సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసినట్టే. 20కీ 21కీ తేడా లేదు. 20కీ 30కీ ఉందని నేను నమ్ముతున్నాను, అయినా ఇది ఒక్క మనిషి చెవులతో చేసిన పరీక్ష అని మరవకండి.

ఖర్చు: బావకి మూడు రాత్రుల పునుగులు, టీ 60.
మొత్తం ఇప్పటికి: రూ. 8,470

స్టేజ్ 7. రవ్వ తీసేయడం (మే 20 – 24)

కార్డు గెలిచిన ఆ 2.4 డీబీని ఆన్‌బోర్డ్ మీదే తగ్గించగలనా? ఉచితంగా దొరికే ఈక్వలైజర్ ఏపీఓలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే ప్రోగ్రామ్) 90 హెర్ట్జ్ దగ్గర -2.4 పెట్టాను. వెడల్పు కుదరడానికి నాలుగైదు సార్లు మార్చాల్సి వచ్చింది. 60, 90, 150, 400 దగ్గర హెడ్‌ఫోన్ తగిలించి మీటరుతో కొలిచి, కార్డు అంకెలకి అర డీబీ లోపుకి తెచ్చాను.

మళ్లీ బావ. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కార్డు, బొరుసు పడితే ఆన్‌బోర్డ్. బల్ల వెనక నేను పిన్ను మారుస్తాను. 20 సార్లలో కనీసం 15 సరిగ్గా చెబితే తేడా వినపడుతోందని ఒప్పుకోవాలని ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. బావ 11 చెప్పాడు. పదో సారి నుంచి, “నువ్వు మార్చట్లేదు, ఊరికే చప్పుడు చేస్తున్నావు” అని అనుమానించాడు.

కార్డు తీసేశాను. కంటోన్మెంట్ వైపు ఉండే ఇంటర్ కుర్రాడొకడు 2,000కి అడిగాడు. ఇంటికొచ్చినప్పుడు ఈ అంకెలన్నీ చూపించాను, సరౌండ్ ఆఫ్‌లో ఉంచమన్నాను, కింది స్లాటులో పెట్టమన్నాను, ముందు ఇంట్లో ఎర్త్ చూపించుకోమన్నాను. ఓపిగ్గా విన్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “అన్నా, దీనికి లైట్లు వెలుగుతాయా?” అని అడిగాడు. ఎర్ర లైటు ఒకటి ఉందని చెప్పాను.

తిరిగొచ్చింది: 2,000.
మొత్తం నికరంగా: రూ. 6,470

మే 24 రీడింగు: న్యూట్రల్–ఎర్త్ 2.9. నెల రోజుల్లో రెట్టింపైంది. గొయ్యి ఎండిపోయింది. సాయంత్రం రెండు బిందెలు పోశాను, రాత్రికి 1.6. ఇంక వర్షాలు పడేదాకా ప్రతి ఆదివారం పోయాలి.